పిల్లాడితో గాలం, గుడారం: ఊరి చెరువా, అడవి క్యాంపా, సముద్రమా?

మా వాణ్ణి మొదటిసారి టెంట్‌లో పడుకోబెట్టడానికి తీసుకెళ్లినప్పుడు వాడికి ఏడేళ్లు. హైదరాబాద్ నుంచి మూడు గంటల దూరంలో ఒక రిజర్వాయర్ ఒడ్డున క్యాంపు. చేపలు పట్టిస్తామని, రాత్రి మంట వేస్తామని ప్రకటనలో ఉంది. వాడు వారం ముందే బ్యాగు సర్దుకున్నాడు. తీరా వెళ్లి చూస్తే ఇరవై టెంట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. చేపలు పట్టించడమంటే నలుగురు పిల్లలకు ఒక గాలం ఇచ్చి, పొద్దున పదకొండు గంటల ఎండలో అరగంట నిలబెట్టడం. ఎర అడిగితే బ్రెడ్డు ముక్క చేతిలో పెట్టారు. ఒక్క చేప కూడా తగల్లేదు. తిరిగొస్తుంటే కారులో వాడు "అమ్మా, చేపలకి నేనంటే ఇష్టం లేదేమో" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను కోనసీమలో కాలువ గట్టు మీద పెరిగినదాన్ని. మా నాన్న ఆదివారం పొద్దున్నే వెదురు గెడ భుజాన వేసుకుని బయల్దేరితే, ఎర్రల (వానపాముల) కొబ్బరి చిప్ప నా చేతిలో ఉండేది. చేప ఎర లాగగానే నీటి మీద తేలే బెండు మునిగే ఆ ఒక్క క్షణం కోసం ఎంతసేపైనా కదలకుండా కూర్చునేదాన్ని. ఆ క్షణం నా కొడుక్కి దొరకలేదంటే తప్పు చేపలది కాదు, వాడిది కాదు. చోటు ఎంచుకోవడంలో నేను చేసిన తప్పది.

ఆ తర్వాత నాలుగేళ్లలో మేమిద్దరం చాలా చోట్లకు వెళ్లాం. వాటన్నిటి తర్వాత నాకు అర్థమైంది ఇది: మన రెండు రాష్ట్రాల్లో గాలం వేయడానికి మంచి చోటు, టెంట్ వేసుకుని పడుకోవడానికి మంచి చోటు ఒకటే కావడం చాలా అరుదు. అడవి క్యాంపుల్లో రాత్రి హాయిగా గడుస్తుంది, కానీ గాలం వేయనివ్వరు. ఊరి చెరువులో చేప దొరుకుతుంది, కానీ కట్ట మీద పిల్లాడితో రాత్రి గడపలేం. రెండూ ఒకేచోట కావాలని వెతికితే నేను వెళ్లినలాంటి క్యాంపు దొరుకుతుంది. కాబట్టి ముందుగా మీ పిల్లకి ఏది ముఖ్యమో తేల్చుకోండి, చేపా, రాత్రా? ఈసారి దేనికోసం వెళ్తున్నారో దాన్ని బట్టి చోటు ఎంచుకోండి. రెండోది దొరికితే దొరుకుతుంది.

చేప కోసమైతే ఊరి చెరువే

పిల్లకి మొదటి చేప తగలాలంటే ఊరి చెరువును మించింది లేదు. పెద్ద రిజర్వాయర్లో చేప ఎక్కడుందో మనకి తెలీదు, నీళ్లు లోతు, గాలి ఎక్కువ. చెరువులో అయితే ఒడ్డు నుంచి పది అడుగుల్లోనే పరకల్లాంటి చిన్న చేపలు, జిలేబీలు (తిలాపియా చేపలు) తిరుగుతుంటాయి. పిల్లకి కావలసింది రెండు కిలోల బొచ్చె చేప కాదు. పదిహేను నిమిషాలకోసారి బెండు కదలాలి, అంతే. అరచేతిలో సగం లేని పరక తగిలినా వాడి కళ్లు వెలిగిపోతాయి.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. చెరువులో చేపలకు యజమానులుంటారు. తెలంగాణలో చాలా చెరువులు ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల మత్స్యకార సహకార సంఘాల చేతుల్లో ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన చేప పిల్లలను వదిలి, నెలల తరబడి కాపలా కాసి, వేసవిలో నీళ్లు తగ్గాక వల వేసి పట్టుకుంటారు. ఏడాది బతుకుతెరువు అది. ఆంధ్రలో చాలా చెరువులు పంచాయతీ వేలంపాటలో ఎవరో ఒకరు పాడుకున్నవై ఉంటాయి. కాబట్టి కారు దిగి నేరుగా గాలం వేయకండి. ఊళ్లో అడిగితే సంఘం పెద్ద ఎవరో చెబుతారు. ముందు రోజే ఫోన్ చేసి "పిల్లాడితో ఒక్క పూట గాలం వేసుకుంటాం, పట్టినవి తూకం వేసి డబ్బులిస్తాం" అంటే కాదన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. వరంగల్ వైపు ఒక ఊళ్లో సంఘం పెద్దాయన "పిల్లగాడేనా అక్కా, ఏం గాదు, కూసోండ్రి. ఆ తూము దిక్కు మాత్రం పోనియ్యకు" అని, వాళ్లబ్బాయిని మాకు తోడు పంపాడు. ఆ అబ్బాయి మా వాడికి ఎర్ర గుచ్చడం పది నిమిషాల్లో నేర్పాడు. నేను నేర్పితే గంట పట్టేది, పైగా ఇద్దరికీ కోపాలు వచ్చేవి.

తూము దగ్గరికి వద్దని ఆయన ఊరికే అనలేదు. పొలాలకి నీళ్లు వదిలే తూము దగ్గర నీళ్లు లోపలికి లాగుతాయి. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు (తెలంగాణలో మత్తడి అంటారు) పారుతున్నప్పుడు అక్కడి రాళ్లు పాచి పట్టి జారతాయి. ఇంతకన్నా ప్రమాదం పైకి కనపడదు. చాలా చెరువుల్లో పూడిక మట్టి, ఇటుకల మట్టి కోసం తవ్విన గోతులు నీళ్ల కింద ఉంటాయి. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగు ముందుకేస్తే తల మునిగిపోయే చోట్లు అవి. పిల్ల నీళ్లలో కాలు పెట్టకూడదనేది మొదటి నియమం. ఈత వచ్చినా సరే. గాలం ఒడ్డు మీద నుంచే వేయాలి, లైఫ్ జాకెట్ వేసే ఉండాలి, మీ చెయ్యి పిల్లని అందుకునేంత దూరంలో ఉండాలి. మునిగే పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. అందుకే గట్టు మీద ఉన్నంతసేపు నేను ఫోన్ బ్యాగులోనే పెట్టేస్తాను.

వేళ విషయంలో రాజీ పడొద్దు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. మధ్యలో ఎండలో కూర్చోబెడితే పిల్ల విసిగిపోతుంది, చేప కూడా లోతుకు పోతుంది. నెలల్లో అయితే సంక్రాంతి వెళ్లాక, మార్చి మొదటి వారం దాకా నాకు నచ్చిన కాలం. నడి చలికాలంలో నీళ్లు చల్లబడి చేపలు మందంగా ఉంటాయి, మేతకు తొందరగా రావు. వానలు మొదలైనప్పుడు చేపలు ఏటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో పట్టకపోవడమే న్యాయం. పైగా ఆ కాలంలో గట్లు జారతాయి, పాములు మెరకకు చేరతాయి.

పడుకోవడం సంగతి? కట్ట మీద వద్దు. ఆ ఊళ్లో చుట్టాలుంటే వాళ్ల మేడ మీదో, కళ్లంలోనో టెంట్ వేసుకోండి. మా వాడి లెక్కలో ఇంతవరకు అన్నిటికన్నా మంచి రాత్రి మా పెద్దమ్మగారి మేడ మీద గడిపిందే. బాత్‌రూమ్ కింద ఉంది, తాగునీళ్లున్నాయి, అర్ధరాత్రి భయం వేస్తే అమ్మమ్మ ఉంది. ఆడవాళ్లం ఒంటరిగా పిల్లతో వెళ్లేటప్పుడు ఇవేవీ చిన్న విషయాలు కావు. నేను చోటు ఎంచుకునేటప్పుడు మొదట అడిగేది చేప గురించి కాదు, తలుపుకి గడియ ఉన్న బాత్‌రూమ్ గురించి.

రాత్రి కోసమైతే అడవి

పిల్లకి నక్షత్రాలు, మిణుగురులు కనిపించాలంటే, వాగు చప్పుడు వినిపించాలంటే మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు, రంపచోడవరం మీదుగా వెళ్లాలి. అక్కడికి దగ్గర్లో వలమూరు ఊరి వన సంరక్షణ సమితి నడిపే జంగిల్ స్టార్ క్యాంపు ఉంది. పక్కనే వాగు, చుట్టూ కొండలు. వాలి సుగ్రీవులు పోరాడింది ఈ చోటే అని అక్కడివాళ్లు చెబుతారు. ఆ కథ మంట దగ్గర కూర్చుని చెబితే పిల్లలు కొండలవైపు చూసే చూపే వేరు. మధ్యాహ్నం వెదురు బొంగులో కాల్చిన చికెన్ తిని, సాయంత్రం వాగు ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటే చాలు.

గాలం మాత్రం తీసుకెళ్లకండి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా చేపలు పట్టడం నేరం. అభయారణ్యాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పాఖాల, మంజీర, మంథని దగ్గరి శివ్వారం ఇవన్నీ అభయారణ్యాలే. మంజీరలో, శివ్వారంలో మొసళ్లున్నాయి కూడా. పిల్ల చేతిలో గాలం పెట్టుకుని అక్కడికి తీసుకెళ్లి, గార్డు ఆపితే, మనం తిరిగి వచ్చేయొచ్చు. కానీ అమ్మానాన్నలు తప్పు చేస్తూ దొరికిపోయారనేది పిల్లకి గుర్తుండిపోతుంది.

అడవికి ఇంకొన్ని ఖర్చులున్నాయి, డబ్బువి కావు. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెర, నిండు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల క్రీము తప్పనిసరి. వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పాలి, రక్త పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఫోన్ సిగ్నల్ ఒక్కోచోట అస్సలు ఉండదు. ఘాట్ రోడ్డులో పిల్లకి వాంతులవుతాయి. 

లక్నవరం: మధ్యే మార్గం

హైదరాబాద్ నుంచి సుమారు 220 కిలోమీటర్లు. ములుగు జిల్లా గోవిందరావుపేట దగ్గర, కొండల మధ్య కాకతీయుల నాటి చెరువు ఇది. దీవులను కలిపే వేలాడే వంతెన ఉంది, బోటు ఉంది, పర్యాటక శాఖ వసతి ఉంది. టెంట్ అంటే ఇంకా భయపడే పిల్లకి, నేల మీద పడుకోలేని నానమ్మని కూడా తీసుకెళ్లాలనుకున్నప్పుడు నేను దీనికే ఓటు వేస్తాను. దారిలో పాలంపేట రామప్ప గుడి చూపించొచ్చు. 1213లో కట్టింది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికట అని చెబితే మా వాడు ప్రతి ఇటుకనీ తేరిపార చూశాడు.

అయితే గదికి కట్టిన డబ్బుతో గాలం వేసే హక్కు రాదు. ఇక్కడికి వచ్చినప్పుడు గాలం సరదా కోసం ఒక పూట ములుగు చుట్టుపక్కల ఊరి చెరువుకి కేటాయించుకోండి, అదీ ముందే మాట్లాడుకుని. మేము చేసింది అదే. పొద్దున చెరువు, మధ్యాహ్నం రామప్ప, రాత్రి లక్నవరం. రెండు చోట్లూ వేరువేరుగా ఉండటం వల్లే ఆ రోజు చక్కగా కుదిరింది.

నాగార్జునసాగర్, సోమశిల లాంటి పెద్ద నీళ్ల గురించి అడుగుతారు. కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కృష్ణ నీళ్లు సాయంత్రం వేళ చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ బ్యాక్‌వాటర్ ఒడ్డు పైకి ఎండినట్టు కనిపించి లోపల బురదగా ఉంటుంది, పిల్ల కాలు మోకాలి దాకా దిగిపోతుంది. డ్యాముకి కింది వైపు అయితే అసలు వద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో, పైనుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లకి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ పిల్లలు నిలబడింది ఎండిన రాళ్ల మీదే. డ్యాము కింద ఎండిన రాళ్లు కనిపించినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

సముద్రం

సూర్యలంక బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఇసుక, సరుగుడు తోటలు, పొద్దున్నే ఒడ్డుకి వచ్చే పడవలు. చేపలు పట్టడం చూడటానికి ఇంతకన్నా మంచి బడి లేదు. పిల్లతో గాలం వేయడానికి మాత్రం నేను సిఫారసు చేయను. అలల్లో వేయాలంటే పొడుగాటి రాడ్డు, బరువైన సీసం గుండు కావాలి, విసిరేటప్పుడు గాలపు ముల్లు ఎటు ఎగురుతుందో తెలీదు. లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. ఉప్పునీటి జెల్ల ముల్లు గుచ్చుకుంటే పెద్దవాళ్లే విలవిల్లాడతారు. చూడ్డానికి వెళ్తే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లకండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో ఆ 61 రోజులు మరపడవల వేట నిషేధం, ఒడ్డు బోసిగా ఉంటుంది.

డబ్బులు కట్టి గాలం వేసుకునే చెరువులు

హైదరాబాద్ చుట్టూ ఫామ్‌హౌసుల్లో ఇవి పెరిగాయి. గంటకింత, పట్టిన చేపకి కిలోకింత. ఐదారేళ్ల పిల్లకి, సగం రోజు మాత్రమే ఖాళీ ఉన్న తండ్రికి ఇవి నిజంగా పనికొస్తాయి. చేప కచ్చితంగా తగులుతుంది. నాకున్న ఒకే ఒక్క అభ్యంతరం: వేలం వెర్రిగా చేపలు పెట్టిన తొట్టిలో గాలం వేసి వేయగానే లాగితే, పిల్లకి ఎదురుచూడటం తెలియదు. చెరువు పెద్దదిగా, మట్టి గట్టుతో ఉంటే వెళ్లండి. సిమెంటు తొట్టి అయితే వద్దు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

అక్కడ నేను పైన చెప్పిన చిక్కు లేదు. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. టెక్సస్‌లో చాలా స్టేట్ పార్కుల్లో టెంట్ వేసుకునే చోటే చెరువు ఒడ్డుంటుంది, పార్కు లోపల ఒడ్డు మీద నుంచి పట్టేవాళ్లకి లైసెన్సు కూడా అక్కర్లేదు. 17 ఏళ్లలోపు పిల్లలకి ఆ రాష్ట్రంలో ఎక్కడా అక్కర్లేదు. క్యాలిఫోర్నియాలో 16 నిండినవాళ్లకి సాధారణంగా కావాలి, అంటే అమ్మానాన్నలు గాలం పట్టుకుంటే మామూలుగా లైసెన్సు ఉండాలి. ఏ చేప ఎంత పొడుగుంటే ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని పట్టొచ్చు అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన చెరువు అలవాటుతో దొరికినవన్నీ బకెట్లో వేసుకుంటే జరిమానా పడుతుంది.

వెదురు గెడా, రాడ్డా?

ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. పదేళ్లలోపు పిల్లకి వెదురు గెడ. ఎనిమిది, తొమ్మిది అడుగులది, చివర సన్నగా ఉన్నది. దానికి అంతే పొడుగు సన్నని తంగూసు (గాలపు నైలాన్ దారం), ఒక బెండు, ఆవగింజలకన్నా కాస్త పెద్ద సీసం గుండ్లు రెండు, 10 లేదా 12 నంబరు ముల్లు. ముల్లు నంబరు పెరిగేకొద్దీ చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లందరూ పెద్ద ముల్లు కొంటారు, పరక నోట్లో అది పట్టదు, ఎర మాత్రం తినేసి పోతుంది. రీలున్న రాడ్డు కొంటే మొదటి రోజంతా చిక్కులు విప్పడంతోనే సరిపోతుంది. మా వాడికి పుట్టినరోజుకి ఎవరో రాడ్డు ఇచ్చారు, మంచిదే. అది ఏడాదిపాటు బీరువా మీద ఉంది. పదేళ్లు దాటాక, విసరడం మీద మోజు పుట్టాక తీశాం.

ముల్లుకి వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కెం ఉంటుంది కదా, దాన్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి. రెండు మూడు చేపలు జారిపోతాయి, పోనివ్వండి. రేపు ఆ ముల్లు పిల్ల వేలికి గుచ్చుకుంటే సులువుగా బయటికి వస్తుంది. కొక్కెం ఉన్న ముల్లు లోతుగా దిగితే లాగకూడదు, కదలకుండా గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ముఖం మీద, కంటి దగ్గర అయితే ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) ఎప్పుడు వేశారో ముందే చూసుకోండి.

ఎరకి ఎర్రలే. పంపు కింద తడి మట్టిలోనో, పెంటకుప్ప పక్కనో తవ్వితే దొరుకుతాయి. తవ్వడం పిల్లలకి చేప పట్టడమంత ఇష్టం, కాబట్టి మీరు ముందే తెచ్చి పెట్టకండి. ఎర్రలంటే అసహ్యపడే పిల్లకి గోధుమపిండి గట్టిగా కలిపి, చిటికెడు పసుపేసి, బఠాణీ గింజంత ఉండలు చేసివ్వండి. జిలేబీలు దానికి బాగానే వస్తాయి.

ఏ చేప తగిలితే ఎలా పట్టుకోవాలో ముందే చెప్పాలి. పరక, జిలేబీ అయితే చేతులు తడి చేసుకుని పట్టుకోవచ్చు, జిలేబీ వీపు ముళ్లు మాత్రం తలవైపు నుంచి తోకవైపు నిమురుతూ అణచాలి. జెల్ల, మార్పు, ఇంగిలాయి చేపలు తగిలితే పిల్ల ముట్టుకోకూడదు. ఆ మూడింటికీ రెక్కల దగ్గర ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది. పాత తువ్వాలు ఒకటి అందుకే ఎప్పుడూ నా దగ్గర ఉంటుంది.

టెంట్ కొనాలా?

మొదటిసారికి వద్దు. అద్దెకి తీసుకోండి, లేదా ఎవరినైనా అడగండి. పిల్లకి నచ్చిందని రెండు రాత్రుల తర్వాత తెలిస్తే అప్పుడు కొనొచ్చు. ఇద్దరికి ఇద్దరు పట్టే టెంట్ చాలదు, ముగ్గురిది తీసుకోండి. బ్యాగులు, చెప్పులు కూడా లోపలే పెట్టుకోవాలి, బయట వదిలిన బూట్లలోకి తేళ్లు దూరతాయి.

చూడాల్సింది రంగు, బరువు కాదు. అడుగు పట్టా గోడలతో కలిపి కుట్టి ఉండాలి, జిప్పు చివరిదాకా పడాలి. దీని గురించి నేను మొండిగా చెబుతాను. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, ఒక్కోసారి గాటు కనపడదు, నొప్పి కూడా ఉండదు, నిద్రలోనే జరిగిపోతుంది. చాప మీద, ఆరుబయట పడుకుంటే బాగుంటుందని అనిపిస్తుంది. మేడ మీద మంచం వేసుకోండి, లేదా జిప్పు పూర్తిగా వేసిన టెంట్‌లో పడుకోండి, మూడోది వద్దు. పాము కరిచిందని అనుమానం వచ్చినా కోయడం, గట్టిగా తాడు కట్టడం, నోటితో పీల్చడం చేయకూడదు. కదలనివ్వకుండా, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. బయల్దేరే ముందే ఆ ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కుని పెట్టుకోండి.

కొనే ముందు ఒక రాత్రి మీ అపార్ట్‌మెంట్ మేడ మీద వేసి చూడండి. ఎవరు ఎంత చలికి తట్టుకుంటారో, చీకట్లో ఎవరికి ఎంత ధైర్యముందో అక్కడే తెలిసిపోతుంది. మా వాడు ఆ రాత్రి మూడు గంటలకి లేచి కిందికి వెళ్లిపోదామన్నాడు. వెళ్లిపోయాం. అదే అడవిలో అయితే ఎక్కడికి వెళ్తాం?

పట్టిన చేప ఏం చేయాలి?

ఇది ముందే మాట్లాడుకోకపోతే గట్టు మీద ఏడుపులవుతాయి. మా ఇంట్లో నియమం ఇది: ఆ రాత్రి వండుకునేన్ని మాత్రమే, అవీ అరచెయ్యి దాటినవే. మిగతావి నీళ్లలోకే. పొట్ట ఉబ్బిన గుడ్ల చేప ఎంత పెద్దదైనా వదిలేయాల్సిందే. వండటం ఊళ్లోవాళ్లకి ఇవ్వకుండా పిల్ల కళ్లముందే మీరే చేయండి. పొలుసు తీయడం, ఉప్పు పసుపు వేసి రుద్దడం, కారం పట్టించి వేయించడం. తాను పట్టిన చేపని తినలేనని కొందరు పిల్లలు అంటారు, బలవంతం చేయొద్దు. మా వాడు మొదటిసారి తినలేదు, పులిహోర తిన్నాడు. అందుకని ప్రతిసారీ ఒక డబ్బా పులిహోర చేసుకునే వెళ్తాను.

మరి మీకేది?

పిల్లకి ఆరేళ్లలోపు అయితే సగం రోజు చాలు. దగ్గర్లో మంచి గాలం చెరువో, చుట్టాల ఊరి చెరువో చూసుకోండి, రాత్రికి ఇల్లు చేరండి. ఏడు నుంచి పది దాకా ఊరి చెరువు, చుట్టాల మేడ మీద టెంట్. ఎక్కువమందికి సరిపోయేది ఇదే, ఖర్చు కూడా తక్కువ. చుట్టాల ఊరు లేనివాళ్లకి, పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లేవాళ్లకి లక్నవరం, పక్కన ఒక పూట చెరువు. పదేళ్లు దాటి, చీకటంటే భయం పోయి, చేప లేకపోయినా సరే అనగలిగిన పిల్లకి మారేడుమిల్లి. ఈ వయసులు నేను మా వాణ్ణి, మా చెల్లెలి పిల్లల్ని చూసి రాసినవి. మీ పిల్ల ఐదేళ్లకే గంటసేపు కదలకుండా కూర్చోగలిగితే మీ లెక్క వేరు.

క్యాంపు ఎవరిదైనా సరే డబ్బులు కట్టే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని టెంట్లు వేస్తారు? రాత్రి ఎన్నింటికి పాటలు ఆపుతారు? గాలం వేయడానికి చెరువు పెద్దల అనుమతి ఉందా? పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా? చివరి ప్రశ్నకి "ఉంటుందిలెండి మేడమ్" అని జవాబు వస్తే నేను అక్కడితో ఫోన్ పెట్టేస్తాను.

మా వాడికి మొన్ననే పదకొండు నిండాయి. ఈసారి వాడే ఎంచుకున్నాడు, మారేడుమిల్లి. గెడ ఇంట్లోనే పెట్టి వస్తానని ఒప్పుకున్నాడు. కానీ బాల్కనీలో తులసి కుండీ వెనక కొబ్బరి చిప్ప ఒకటి కనిపించింది, లోపల తడి మట్టి, దాని మీద గుడ్డ. ఎందుకురా అంటే, "వచ్చే దారిలో రాజమండ్రిలో దిగి తాతయ్య దగ్గరికి వెళ్దాం కదమ్మా" అన్నాడు.